బన్నుల బట్టీలో ఇంజను గుల్ల

మెటిల్డా బేకరీ జీడిపప్పు మిఠాయి మాకరూన్ నోట్లో వేసుకుంటే పడవెక్కినట్టే ఉంటుందని చేపలమ్మే సూసైయమ్మ ఎవరితోనో అందట. ఆ ఎవరో చర్చి మెట్ల మీద ఇంకెవరితోనో అన్నారట. ఆ మాట తూత్తుకుడి రేవంతా తిరిగి తిరిగి, పడవ ఇంజన్లు బాగుచేసే గస్పార్ చెవిన పడింది. గస్పార్ నవ్వలేదు. మాకరూన్లలో ఆ పడవ వాసనే నిజమైతే, అది తన చేతి చలవే మరి.

బన్నులు దిగాక బేకరీ బట్టీ చల్లబడాలి. అప్పటిదాకా మాకరూన్ల పళ్లేలు లోపలికి పోవు. గుడ్డు తెల్లసొనకి సన్నవేడి చాలు. ఆ సందులో గస్పార్ తన సామాను కాల్చుకుంటాడు. ఇంజను అడుగున, నీళ్లలో తిరిగే పంకా ఇరుసు ఉండేచోట అల్యూమినియం గుల్ల, దాన్లో ఇరుసుని పట్టుంచే కంచు గొట్టం, అదే బుష్షు, ఉంటాయి. బుష్షు అరిగిందా, ఇరుసు ఊగుతుంది, ఉప్పునీళ్లు లోపలికొస్తాయి. పాతది ఊడాలంటే గుల్లంతా ఒకే తీరున వేడెక్కి ఉబ్బాలి. గ్యాసు మంట ఒకచోట పెడితే వంకరపోతుంది. కరిగేముందు ఇనుములాగ ఎర్రబడి చెప్పే రకం కాదది. అంత నెమ్మదిగా, అంత సమంగా కాల్చేది ఆ బట్టీ ఒక్కటే. అది చేజారితే గస్పార్ పని సగం మూతపడ్డట్టే.

ఆ వారంలోనే లూర్దు తన పడవ గుల్ల మోసుకొచ్చాడు. అంచు చుట్టూ సుత్తి దెబ్బలు.

"ఎవడు బావా దీన్నిలా బాదింది?"

"నేనే. ఊడి చావలేదు."

"ఊడదు. ఇంకో రెండు వేసుంటే ముక్కలు ఏరుకుందువు."

గస్పార్ రబ్బరు సీళ్లు పీకేసి, గుల్లని సబ్బుపొడితో కడిగి, కొబ్బరిపీచుతో తోమి, మళ్లీ కడిగి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. కొత్త బుష్షు చలికి కాస్త ముడుచుకునేలా చేపల ఐసుపెట్టెలో పూడ్చాడు. పెట్టె లూర్దు నెత్తికెత్తి, గుల్లని తెల్లగుడ్డలో చుట్టి చంకనేసుకుని బయల్దేరాడు.

మెటిల్డా తన బేకరీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏం మరిదీ, బాప్తిజానికి తెచ్చావా?"

"వాసన చూడు ఒదినా. నేను తినే కంచం కన్నా శుభ్రంగా ఉంది."

"నీ కంచం సంగతి మీ ఆవిడ చెప్పిందిలే." అంటూనే వంగి వాసన చూసింది. "ఇదొక్కటీ పెట్టుకో. ఇంకోటి సంగతి మా మాకరూన్ల గురించి జనం ఏమంటారో విన్నాక చెప్తా. ఈ బట్టీ మా మామగారు కట్టింది బన్నులకి, నీ ఇంజన్లకి కాదు."

బన్నులు దిగాయి, గుల్ల ఎక్కింది. లోపల వంటమనిషి గుడ్లు కొడుతున్నాడు. గుల్ల బయటికొచ్చాక గస్పార్ దానిమీద నాలుగు నీటిచుక్కలు చిలకరించాడు. చుక్కలు గెంతి ఎగిరిపోయాయి. చెక్క మీద బోర్లించి ఒక్కసారి తాటించాడంతే, పాత బుష్షు దానంతటదే జారిపడింది. సుత్తి అరగదీసిన లూర్దు నోరెళ్లబెట్టాడు.

కొత్తది నిటారుగా దిగాలి. పిసరు ఒరిగినా సగంలో పట్టేస్తుంది, ఆపైన ఎవడి తరమూ కాదు. గస్పార్ దాన్ని ఐసులోంచి తీసి, తుడిచి, ఊపిరి బిగబట్టి వదిలాడు. టక్కున అడుగంటా కూర్చుంది.

"పనోడివిరా బావా!" అన్నాడు లూర్దు. "ఈ బట్టీయే లేకపోతే నా పడవ ఒడ్డున ఎండాల్సిందే."

మెటిల్డా మొహం విప్పారింది. అది చూసి గస్పార్‌కి ప్రాణం లేచొచ్చింది.

"ఆ మాటేదో నలుగురిలో అను తమ్ముడూ," అంది ఆవిడ. "అన్నట్టు వచ్చేవారమేగా మీ అమ్మాయి చర్చిలో తొలి సత్ప్రసాదం పుచ్చుకునే విందు? మాకరూన్లు ఎక్కడ చెప్పావ్?"

"బజారు కొట్లో."

"ఎదురుగా మేముండగానా? ఎందుకూ?"

లూర్దు ఇంకా పొగలు కక్కుతున్న గుల్లని గోనెసంచిలో చుట్టుకుంటున్నాడు. తలెత్తి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మీవి ఇంజనాయిలు కంపక్కా."