నోటిదాకా వచ్చిన మాట

ఆ ఇంట్లో రేపు ఎవరేమంటారో అత్తగారికి ఇవాళే వినపడేది. కాపరానికొచ్చిన కొత్తలో, నోరు తెరవకముందే జవాబొచ్చేస్తుంటే కోడలు తికమకపడేది. తర్వాత అలవాటైపోయింది. ఇరుగుపొరుగు కూడా ఏదైనా ప్రయాణం పెట్టుకుంటే, "రేపు మీ ఇంట్లో ఎవరైనా వాన గురించి మాట్లాడతారా పిన్నిగారూ?" అని అడిగి పోయేవాళ్ళు.

కోడలు ఫొటోలకి ఫ్రేములు కట్టే దుకాణంలో అద్దాలు కోసేది. భర్త లారీ డ్రైవరు. ఆమెకి ఐదో నెల వచ్చాక, కడుపుతో ఉన్నవాళ్ళందరికీ చేసినట్టే ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేశారు. సిఫిలిస్ అనే సుఖరోగం ఉన్నట్టు వచ్చింది. ఖాయం చేసుకుందామని ఇంకో రకం పరీక్ష చేస్తే, లేనట్టు వచ్చింది.

డాక్టరమ్మ కూర్చోబెట్టి నిదానంగానే చెప్పింది. గర్భంతో ఉన్నప్పుడు మొదటి పరీక్ష ఒక్కోసారి తప్పు చూపిస్తుందట. లేదా జబ్బు ఇప్పుడే మొదలై రెండో పరీక్షకి ఇంకా అందకపోయీ ఉండొచ్చట. ఉన్నా మందుంది, బిడ్డని కాపాడుకోవచ్చు. కొద్ది వారాలాగి మళ్ళీ చూడాలి, మీ ఆయన కూడా రక్తం ఇవ్వాలి అంది.

"ఇంతకీ ఉన్నట్టా, లేనట్టా?"

"ఇప్పుడు నేను ఏదో ఒకటి తేల్చి చెప్తే అబద్ధం చెప్పినట్టేనమ్మా."

ఇంటికొచ్చి చెబితే భర్త మొహం మాడిపోయింది. తేడా నీ రక్తంలో వస్తే నేనెందుకు సూది పొడిపించుకోవాలన్నాడు. ఆ తర్వాత మాటలు తగ్గించేశాడు. కడుపు వంక చూడటం మానేశాడు. వానరోజుల్లో దుకాణం యజమాని ఆమెని స్కూటరు మీద దించిన సంగతి అతని మనసులో మెదులుతోందని ఆమెకి తెలుసు. ఆమె మనసులోనూ అతని ఫోను పలకని ప్రయాణాలు మెదులుతున్నాయి. దుకాణంలో ఆమె కోసే అద్దాలు వంకరగా తెగేవి. యజమాని కసురుకుంటే తల దించుకునేది.

మళ్ళీ పరీక్షకి వెళ్ళాల్సిన ముందురోజు సాయంత్రం, అత్తగారి చేతిలో గిన్నె జారి పడింది. ఆవిడ దాన్ని తీయకుండా కొడుకుని వరండాలోకి తీసుకెళ్ళి ఏదో చెప్పి, తిరిగి కోడలి దగ్గరికొచ్చింది.

"రేపు పొద్దున మీరిద్దరూ అనుకోబోయే మాటలు విన్నాను. వాడు అనేది పాపిష్టి మాట. నువ్వు తిరిగి అనేదీ తక్కువదేం కాదు. అవి అనుకున్నాక మీరిద్దరూ ఒక కప్పు కింద ఉండలేరు."

"మీకు వినపడ్డ మాట ఎవరైనా అనకుండా ఊరుకున్నారా అత్తయ్యా?"

"ఇంతవరకూ లేదమ్మా."

తెల్లవారింది. ఆమె చెప్పులేసుకుంటుంటే అతను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. దవడలు బిగుసుకున్నాయి. పెదవులు విడివడ్డాయి. అదిగో, వస్తోంది అనుకుంది ఆమె. బదులు చెప్పాల్సిన మాట ఆమె నాలుక చివరికి వచ్చేసింది. ఎన్నాళ్ళుగానో నూరిపెట్టుకున్న మాట అది. అత్తగారు పొయ్యి ఆర్పేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అతని గొంతు ముడి ఒకసారి కిందికి దిగింది, చేదుమందు మింగినట్టు.

"పద, నా రక్తం కూడా తీయమందాం," అన్నాడు.

ఆమె తన మాటని మింగడానికి అంతకంటే ఎక్కువ కష్టపడింది.

"ఏమన్నావురా?" అంది అత్తగారు అయోమయంగా. నిన్న వినని మాట అది. "మళ్ళీ చెప్పు."

అతను మళ్ళీ చెప్పాడు, కాస్త గట్టిగా.

ఇద్దరిలో ఎవరికీ ఏమీ లేదని తేలింది. మొదటిది గర్భం వల్ల వచ్చిన పొరపాటేనని డాక్టరమ్మ చెబుతుంటే, అతను ఆవిడ ఎదురుగానే ఉందని కూడా చూడకుండా భార్య చెయ్యి పట్టుకున్నాడు. అతని చెయ్యి చెమటతో తడిసి ఉంది.

పాప పుట్టాక, ఒకరోజు బట్టలు మడతపెడుతూ కోడలు ఉండబట్టలేక అడిగింది. ఆ రోజు ఆయన ఏమనబోయాడు అత్తయ్యా, అని.

అత్తగారు పాప చొక్కాని మోకాలి మీద పరిచి ముడతలు సరిచేసింది.

"ఎవరూ అనని మాట నేనెక్కణ్ణించి తెచ్చి చెప్పనే?"