నర్సింగమ్మ కట్టిన ఒంటరి ఆట

కురుమయ్య కళ్లకు పొరలు కమ్మాయి. ఇస్పేటుకూ కలావరుకూ తేడా పోల్చలేకపోతున్నాడని తోటివాళ్లు అతణ్ణి పేకాటలో కూర్చోనివ్వడం మానేశారు.

"నా కండ్లకేమైంది? ముక్కలే మాసినయి," అని చాప మీద ఒక్కడే పరుచుకుని ఆడుకునేవాడు.

దేవరకొండలో ఉచితంగా చేస్తున్న కంటి ఆపరేషన్లు ఆ విడతకు ఆ వారంతో ఆఖరు. భార్య నర్సింగమ్మ పోరు పడలేక, "గీ ఆట గెలిస్తె పోత. గెలవకుంటె శకునం మంచిగ లేనట్టే," అన్నాడు.

ఆ ఆట గెలవగా ఆమె పెళ్లయినప్పటి నుంచి చూడలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

నర్సింగమ్మ పొయ్యి ముందర ముక్కలు పరిచి కొత్త ఆట కట్టింది. అది ఎట్లా ఆడినా గెలిచేది.

"గిదేం ఆటనే? ఏడ్చే పోరనికి చాక్లెట్ ఇచ్చినట్టుంది. గిట్ల గెలిస్తె శకునమెట్లయితది?"

ఆమె మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది. ఏడు మీద ఆరు, ఆరు మీద అయిదు, అదీ ఇస్పేటు మీద ఇస్పేటే, కలావరు మీద కలావరే రావాలంది. ఇక గెలుపే లేదు. మిగిలిన కట్టను రెండోసారి తిప్పుకోవచ్చని సడలించింది. సగం సార్లు గెలిచింది. అన్నం మాడింది.

మాడన్నం తింటూ కురుమయ్య నియమాలన్నీ విన్నాడు. "ఇది న్యాయంగుంది. ఒక్కటే ఆట."

"ఒక్కటే."

కట్ట రెండోసారి తిరుగుతుండగా ఆట బిగుసుకుంది. కురుమయ్య కలావరు ఆరు తీసి, ముక్కు దాకా తెచ్చుకుని చూసి, ఇస్పేటు ఏడు మీద పెట్టాడు.

నర్సింగమ్మ చింతపండు పిసుకుతోంది. పిసుకుతూనే ఉంది.

కాసేపటికి బయటపడ్డ ఇస్పేటు ఆరు కలావరు ఏడు మీదికి చేరింది. ఆ తర్వాత అన్నీ వరుసగా కుదిరాయి.

"గెలిచిన్నే! నడువు, సంచి సర్దు."

సంచి అప్పటికే సర్ది ఉంది. ఆమె ముక్కలను వరుస చెడకుండా దారంతో కట్టి గూట్లో పెట్టింది.

కుడి కన్ను బాగుపడి, కట్టు విప్పాక కురుమయ్య ఆ దారం విప్పాడు. చాలాసేపు చూశాడు.

"ఏడు మీద గీ ఆరేందే? ఇస్పేటు మీద కలావరు! నువ్వు చూడలేదా?"

"చూసిన."

"చెప్పకపోతివి?"

"నీ కండ్లకేం కాలేదంటివి గద."

కురుమయ్య ముక్కలు కలిపి, "వచ్చే విడతల ఎడమ కన్ను. దానికి మళ్ల ఆడాలె," అన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుంది. రెండోసారి కట్ట తిరుగుతుండగా ఆట బిగుసుకుంది. అతను కలావరు అయిదును వెలుతురుకు పట్టి, ఈసారి బాగా చూసి మరీ, ఇస్పేటు ఆరు మీద పెట్టాడు.