మాలీషు చేతులు

కుర్ర పహిల్వాను సర్జేరావు వీపు మీద నూనె పోసి, రెండు అరచేతులతో నడుము నుంచి మెడ దాకా ఒత్తుకుంటూ పోతున్నాడు ధోండిబా. కొల్హాపూరు ఎండకి కుస్తీల తాలింఖానాలో అందరూ గోచీలతో తిరుగుతుంటే, అతనొక్కడే పొడుగు చేతుల చొక్కాకి మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నాడు. పహిల్వాన్లు పెళ్ళికొడుకని ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు.

చొక్కా కింద ముంజేతి నిండా తామర. అంచులు ఎర్రగా, పొలుసులు లేచి, మధ్యలో చర్మం మామూలుగా, వలయం పక్కన వలయం పాకుతోంది. పోయిన జాతరప్పుడు మందుల షాపులో ఏదో ఆయింట్‌మెంటిస్తే రాశాడు. దురద ఇట్టే పోయింది. ఇంకెందుకులే అని మానేశాడు. అది మళ్ళీ వచ్చింది, ఈసారి రెండింతలై. అప్పటికి చెప్పే ధైర్యం పోయింది. కుర్రతనంలో ఈ గోదాలోనే కాలు విరిగి, కుస్తీ పోయి మాలీషు మిగిలింది. పెళ్ళాం లేదు, ఇల్లు లేదు, పహిల్వాన్లతో పాటు తాలింఖానాలోనే ఓ మూల పడక. తామర పట్టిన చేతుల్ని ఏ పహిల్వాను ఒంటి మీద వెయ్యనిస్తాడు?

ఇప్పుడు సర్జేరావు భుజం మీదా అవే వలయాలు. చూపు అక్కడికి పోయినప్పుడల్లా ధోండిబా మణికట్టు గుండీలు తడిమి చూసుకుంటున్నాడు.

పొద్దెక్కాక ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ వచ్చి పహిల్వాన్లందర్నీ వరసగా నిలబెట్టి చూసింది. తామర చాలామందికి అంటుకుందనీ, సర్జేరావుకి మరీ ఎక్కువనీ చెప్పింది. తాలింఖానా పెద్ద, వస్తాదు మానే, ముఖం గంటు పెట్టుకున్నాడు. పసుపూ మజ్జిగా కలిపే గోదా మట్టిలో రోగం పుట్టదన్నాడు. సర్జేరావే కుస్తీలకని ఊళ్ళు తిరిగి దీన్ని మోసుకొచ్చాడని నలుగురిలో కడిగేశాడు. చివరికి పక్క చుట్టుకుని పొమ్మన్నాడు.

ధోండిబా గోడ వారగా నిలబడి ఉన్నాడు. ఊరుకుంటే చాలు, అతని వంక చూస్తున్నవాళ్ళెవరూ లేరు. సర్జేరావు వంగి పక్క చుట్టసాగాడు. వాడు చిన్నపిల్లాడుగా గోదాలో దిగిన నాటి నుంచి ఆ వీపుని ఒత్తుతున్నాడు ధోండిబా. ఇక చూడలేక గుండీలు ఊడదీసి చొక్కా చెయ్యి పైకి లాగాడు.

"వాణ్ణనకండి వస్తాద్. ఇది నా చేతుల్నించి వాడికి అంటిందే."

"ఎన్నాళ్ళనుంచిరా?"

"పోయిన జాతర నుంచి."

"నోరు విప్పి చెప్పొచ్చు గదరా."

"చెప్తే ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారా? ఈ చేతులు తప్ప నాకేముంది?"

వస్తాదు సర్జేరావుని పక్క మళ్ళీ పరుచుకొమ్మని సైగ చేశాడు. డాక్టరమ్మ అందరికీ క్రీమూ మాత్రలూ ఇచ్చింది. మచ్చ దాటి చుట్టూ రాయాలనీ, తగ్గినట్టు కనిపించినా తను చెప్పేదాకా ఆపొద్దనీ అంది. ధోండిబాని మాత్రం అంతవరకూ ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యొద్దంది. పొమ్మని ఎవరూ అనలేదు. కానీ మధ్యాహ్నం జొన్నరొట్టె అతనికి విడిగా గుమ్మం దగ్గర పెట్టారు.

సాయంత్రం సర్జేరావు వచ్చి ఎప్పట్లాగే చాప మీద బోర్లా పడుకున్నాడు.

"రా మామా. నాకెలాగూ అంటుకుంది గదా, కొత్తగా అంటుకునేదేముంది?"

ధోండిబా చేతులు వాటంతటవే లేచాయి. వాటిని చంకల్లో బిగించుకున్నాడు. ముందు నువ్వు బాగవ్వాలిరా అని మాత్రం అనగలిగాడు.

దీపాలు పెట్టే వేళకి అతని మూల ఖాళీగా ఉంది. బస్టాండు వైపు కుంటుకుంటూ పోతుంటే చూశామని ఎవరో అన్నారు. పెరటి గోడ మీద మాలీషు చాప ఆరేసి ఉంది. సబ్బు పెట్టి ఉతికాడు, ఇంకా నీళ్ళు కారుతున్నాయి. అతను కూర్చునే వైపు, రెండు మోకాళ్ళు ఆనే చోట, చాప అరిగి చిల్లులు పడి ఉంది.