కింద ఉండేవాళ్ళ టికెట్టు

ఆదివారం పొద్దున్న ఇందుజ రొయ్యలు వలుస్తుంటే ఉదయ్ కిరణ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "క్రిస్మస్ సెలవులకి అమ్ముల్ని ఏదైనా పెద్ద పార్కుకి తీసుకెళ్దాం. ఏది బాగుంటుందో నువ్వే చూసి చెప్పు. నాకంత తీరికెక్కడుంది?" అన్నాడు. అనేసి, తీరిగ్గా పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

"నువ్వే చూసి చెప్పు" అనేది ఆ ఇంట్లో ఇందుజకి దక్కే గౌరవాలన్నింటిలోకీ పెద్దది. ఫ్రిజ్ కొన్నప్పుడు దక్కింది, అమ్ములుకి బడి వెతికినప్పుడు దక్కింది. ఆమె నలుగురిని అడుగుతుంది, ఎండలో తిరుగుతుంది, ఫోన్లు చేస్తుంది, చివరికి ఫలానాది బాగుందని చెబుతుంది. అప్పుడు భర్తగారు కాసేపు గడ్డం నిమురుకుని తనకి నచ్చింది ఖాయం చేస్తాడు. వచ్చినవాళ్ళు "భలే ఎంచారండీ" అంటే నవ్వి ఊరుకుంటాడు. వెతకడం ఒక పని అని ఎవరికీ తోచలేదు కాబట్టి దాని గురించి ఎప్పుడూ గొడవ రాలేదు.

గిన్నెలో రొయ్యలు ఇంకా సగం ఉండగానే ఎవరి కోరికలు వాళ్ళు చెప్పేశారు. అత్తగారు వెంకటనరసమ్మ జపమాల పక్కన పెట్టి, "మెట్లు ఎక్కువ లేకుండా చూడమ్మాయ్, నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు కదా. పక్కన ఏదన్నా గుడుంటే మరీ మంచిది" అంది. తాడేపల్లిగూడెం నుంచి ఆడపడుచు గీతాంజలి ఫోన్ చేసి, "ఇందుజా, మా పిల్లలు చిన్నా చితకా ఎక్కరు. పైనుంచి దబ్బున పడేస్తాయి చూడు, అలాంటివి ఉండాలి" అంది. అమ్ములు తల్లి కొంగు పట్టుకుని, "అక్కడ ఏనుగుంటుందా అమ్మా?" అని అడిగింది. ఇందుజకి ఏం కావాలో ఎవరూ అడగలేదు. అడగలేదన్న సంగతి ఆమె కూడా గమనించలేదు.

వెతకడం మొదలుపెట్టింది ల్యాబులో, భోజనాల వేళ. ఆమె పని చేసేది కైకలూరు రోడ్డులో, చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబు. రైతులు చేపల చెరువుల్లోంచీ రొయ్యల చెరువుల్లోంచీ సీసాల్లో నీళ్ళు పట్టి తెస్తారు. ఆమె మందు చుక్కలు కలిపి, తేలిన రంగు చూసి, ఉప్పెంతుందో అమ్మోనియా ఎంతుందో చెబుతుంది. తెల్లకోటు వేసుకుని ఎదురుగా నిలబడి ఉన్నా సరే, వాళ్ళు తలుపులోంచి తొంగి చూసి "సార్ లేరాండి?" అంటారు. సారంటే యజమాని ప్రసాదరావు గారు. ఆయన లోపల్నుంచి వచ్చి, ఆమె రాసిన అంకెలే మళ్ళీ చదివి వినిపిస్తే అప్పుడు నమ్మకం కుదిరి వెళ్తారు. ఇన్నేళ్ళుగా కొల్లేటి చుట్టూ ఉన్న నీళ్ళన్నీ ఆమె చేతుల మీదుగానే నడిచాయి. ఆ చెరువుల్లో ఒక్కదాని గట్టు కూడా ఆమె తొక్కలేదు. గట్ల మీదికి వెళ్ళాలంటే స్కూటీ నడపాలి, స్కూటీ నేర్చుకోవాలంటే ఇంట్లో ఒప్పుకోవాలి. "నీకు కళ్ళు తిరుగుతాయి కదా" అన్నాడు ఉదయ్ కిరణ్. ఆ మాట సంగతి కాస్త ఆగి చెబుతాను.

ఫోన్లో పార్కుల గురించి చదువుతుంటే అదో లోకం. ఒక పార్కులో పాల సీసాలు కడుక్కోవడానికి చోటుందట. ఇంకోదానిలో నీడ లేదట, పిల్లలు వాడిపోతారట. ప్రతి రైడు దగ్గరా ఒక గీత ఉంటుందట, ఆ గీతంత ఎత్తు లేని పిల్లల్ని ఎక్కనివ్వరట. ఇందుజ సాయంత్రం అమ్ముల్ని తలుపుకి ఆనించి నిలబెట్టి పెన్సిల్‌తో గీత పెట్టింది. పిల్ల మునివేళ్ళ మీద లేచి మోసం చెయ్యబోతే ఇద్దరూ నవ్వుకున్నారు. ఎల్‌కేజీ పిల్లకి పనికొచ్చేవి ఏ పార్కులోనైనా ఓ మూలే ఉంటాయని తేలింది. విశాఖ వైపు పార్కులో ఆ మూల కాస్త పెద్దది. బొమ్మ రైలుంది, చెట్లున్నాయి, మెల్లగా తిరిగే పడవలున్నాయి.

కానీ ఆమెని పట్టుకున్నవి ఆ వివరాలు కావు, కింద జనం రాసిన అభిప్రాయాలు. మగవాళ్ళు రాసినవి వేగం గురించీ ఎత్తు గురించీ ఉన్నాయి. తల్లులు రాసినవి వేరు. "పెద్ద రైడ్లు అద్భుతమట, మావారు చెప్పారు. నేను బాబుతో కింద ఉండిపోయాను." "నేను ఎక్కలేదు, బ్యాగులు చూసుకోవాలి కదా." "పాప నిద్రపోయింది, బెంచీలు సౌకర్యంగా ఉన్నాయి." ఎక్కడి వాళ్ళో, ఎవరో, ఒకరినొకరు ఎరగనివాళ్ళు, అందరూ కూడబలుక్కున్నట్టు అదే రాశారు. ఒక్కొక్కటీ చదువుతూ ఇందుజ అన్నం కలుపుకోవడం మర్చిపోయింది. చెప్పులు, సెల్‌ఫోన్లు, నీళ్ళ సీసాలు, తడి తువ్వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని దేశం నిండా ఆడవాళ్ళు తలలెత్తి పైకి చూస్తున్నారు. పైన ఎవరివో కేకలు వినిపిస్తున్నాయి. ఇంతమందా, అనుకుంది.

రాత్రి భోజనాల దగ్గర విశాఖ పార్కు సంగతి చెప్పింది. ఉదయ్ కిరణ్ విని, గడ్డం నిమురుకుని, "హైదరాబాదుదే నయం. పెద్ద పెద్ద రైడ్లున్నాయి, అక్క పిల్లలు సరదా పడతారు. అమ్ముల్ని నువ్వు చూసుకుంటావుగా, ఎలాగూ నీకు కళ్ళు తిరుగుతాయి" అన్నాడు. మాటలో కోపం లేదు, వెటకారం లేదు. చారు వడ్డించమన్నంత మామూలుగా అన్నాడు.

ఆ కళ్ళు తిరగడం కథ ఐదేళ్ళ నాటిది. పెళ్ళైన కొత్తలో అందరూ కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి తీర్థానికి పడవ మీద వెళ్ళారు. నడి నీళ్ళలో ఇందుజకి లోకం గిర్రున తిరిగి, పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకుంది. అత్తగారు నుదురు పట్టుకుని, "అయ్యో, ఈ పిల్లకి కళ్ళు తిరుగుతాయర్రా" అంది. జాలిపడే అంది పాపం. కానీ ఆ జాలి ఇంట్లో చట్టమై కూర్చుంది. ఆ తర్వాత ఆమెని డాబా పిట్టగోడ దగ్గరికి వెళ్ళనివ్వలేదు, స్కూటీ ముట్టుకోనివ్వలేదు, మళ్ళీ పడవెక్కించలేదు. ఎక్కడికి వెళ్ళినా సామాన్ల దగ్గర ఎవరుండాలన్న ప్రశ్న లేకుండా పోయింది. కొన్నాళ్ళకి ఇందుజకి కూడా మేడ మీంచి కిందకి చూస్తే నిజంగానే తల తేలిపోయేది.

ఆ శుక్రవారం అత్తగారు పెంటపాడులో చుట్టాలింట పెళ్ళికి వెళ్ళింది. ఏలూరులో ఎగ్జిబిషన్ వచ్చింది. అంత దూరం తీసుకెళ్ళాక పిల్ల ఎత్తులు చూసి జడుసుకుంటే ఎలా, ముందే ఓసారి చూసుకుంటే మంచిదనుకుంది ఇందుజ. వెతికి చెప్పే మనిషికి ఉండే జాగ్రత్త అది. తాముండే వట్లూరు నుంచి ఆటోలో వెళ్ళి, పొద్దు వాలకముందే అమ్ముల్ని జెయింట్ వీల్ దగ్గర నిలబెట్టింది. పిల్ల భయపడలేదు సరికదా, చెయ్యి విడిపించుకుని పరిగెత్తి తొట్టెలో ఎక్కి కూర్చుంది.

టికెట్లు చింపుతున్నామె, "ఇంత చిన్నపిల్లని ఒక్కదాన్నీ పంపమండి. మీరూ ఎక్కండి" అంది.

"నాకు కళ్ళు తిరుగుతాయండీ."

"అయితే పాపని దింపేసుకోండమ్మా, వెనక జనం ఉన్నారు."

అమ్ములు మొహం చూసింది ఇందుజ. ఆ రెండు చేతులూ కమ్మీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కళ్ళు పైకి, ఎర్రబడుతున్న ఆకాశం వైపు ఉన్నాయి. ఈ పిల్లని ఇప్పుడు దింపితే, రేపు దీనికి కూడా ఏదో ఒకటి తిరుగుతుందని చెప్పేవాళ్ళు పుడతారని ఆమెకి ఎందుకో అనిపించింది. చెప్పుల్తో సహా ఎక్కి పక్కన కూర్చుంది. గడియ పడింది.

తొట్టె కదిలినప్పుడు కళ్ళు మూసుకుంది. ఇదిగో, ఇప్పుడు తిరుగుతాయి అనుకుని పళ్ళు బిగించి కూర్చుంది. గాలి చల్లగా మెడకి తగిలింది. కింద పాటల మోత మెల్లగా పలచబడింది. చక్రం ఒక్క కుదుపుతో ఆగింది. కింద ఎవరినో ఎక్కించుకుంటున్నారు. "అమ్మా, చూడు" అంది అమ్ములు, గుడిలో మాట్లాడినంత మెల్లగా.

ఇందుజ కళ్ళు తెరిచింది. మొదట ఏం చూస్తోందో తెలియలేదు. ఏలూరంతా అరచేతిలో ఉన్నట్టుంది. డాబాల మీద నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన చీరలు, మధ్యలో సందులు, ఆ వంక కాలువ, దాని మీద వంతెన. రైలొకటి మెల్లగా ఊరు దాటిపోతోంది. ఊరి చివర కోతలైపోయిన చేలు, వాటిలో కుప్పలు. ఆ చేల అవతల నీళ్ళు మొదలయ్యాయి. చెరువు పక్కన చెరువు, గట్టు పక్కన గట్టు, చూపు ఆనినంత మేరా నీళ్ళే. పడమటి వెలుగు పడి ఒక్కొక్క చెరువూ ఒక్కో రంగులో ఉంది, ఒకటి రాగి, ఒకటి పసుపు, ఒకటి పచ్చిపాల తెలుపు. వాటన్నింటి చివరా, ఆకాశం దిగి నేలని ముట్టుకునే చోట, కొల్లేరు సన్నగా మెరుస్తోంది. ఇవి నా నీళ్ళు, అనుకుంది ఇందుజ. సీసాల్లో చేతికొచ్చిన నీళ్ళు, ఆమె రంగు చూసి, మంచీ చెడ్డా చెప్పి సింకులో పారబోసిన నీళ్ళు, ఇంత పెద్దగా, ఇంత అందంగా ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాయి. కొంగల బారు ఒకటి వాళ్ళ ఎదురుగా, వాళ్ళకంటే కాస్త కిందగా, గూళ్ళకి వెళ్తోంది. రెక్కల చప్పుడు వినిపించింది. పక్షుల్ని కింద నుంచి తప్ప ఆమె ఎప్పుడూ చూడలేదు. వాటి వీపులు అలా ఉంటాయని తెలియదు.

కళ్ళు తిరగడం లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నమ్మలేక కావాలని వంగి నిట్టనిలువుగా కిందకి చూసింది. చీమల్లా మనుషులు, రంగు రంగుల గొడుగులు. తల నిలకడగా ఉంది, గుండె మాత్రం గంతులేస్తోంది. ఇంకాస్త వంగింది. ఏమీ లేదు. పక్కన కమ్మీ మీద గడ్డం ఆనించి కూర్చున్న పిల్లని చూసింది, అప్పుడు తట్టింది. ఆ రోజు పడవలో తిప్పింది నీళ్ళు కాదు, ఇది. అప్పటికి ఇంకా ఎవరికీ తెలియని ఈ పిల్ల. తర్వాత నెలలో కడుపుతో ఉందని తెలిసినప్పుడు స్వీట్లు పంచారు, కానీ ఆ వాంతిని దీనితో కలిపి చూడాలని ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తోచలేదు. తనకీ తోచలేదు! రోజూ నీళ్ళని పరీక్ష చేసే మనిషి, తనని మాత్రం ఒక్కసారీ పరీక్షించి చూసుకోలేదు. ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెనకే పట్టరాని కోపం వచ్చింది. ఈలోగా చక్రం కదిలి కిందకి దూకింది. ఇందుజ నోరు దానంతటదే తెరుచుకుంది. ఆ కేక ఎవరిదో ఆమెకి మొదట అర్థం కాలేదు. అంత పెద్ద గొంతు తనలో ఉందని ఆమెకి తెలియదు. అమ్ములు తల్లి మొహంలోకి ఆశ్చర్యంగా చూసి, తనూ గొంతెత్తింది.

చీకటి పడేదాకా దిగడం, మళ్ళీ టికెట్టు తీసుకోవడం, మళ్ళీ ఎక్కడం. చివరికి టికెట్లామె నవ్వి, "పాప కోసమా అండి, మీ కోసమా?" అంది. "నా కోసమేనండీ" అంది ఇందుజ.

మర్నాడు సాయంత్రం అందరూ వరండాలో ఉండగా ఉదయ్ కిరణ్ ఫోన్ ముందు పెట్టుకుని టికెట్లు తీస్తున్నాడు. "అక్క వాళ్ళకీ నాకూ అన్నీ ఎక్కే టికెట్లు. అమ్ములుకి చిన్నపిల్లల టికెట్టు. ఇదిగో, రైడ్లు ఎక్కనివాళ్ళకి వేరే ఉంది, లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు. అమ్మకీ నీకూ అది చాలు."

"హైదరాబాదే ఖాయం చేశారు కదండీ?" అంది ఇందుజ.

"ఆ. నీకిష్టమేగా?"

"చాలా ఇష్టం. అక్కడి చక్రం ఇంకా పెద్దదట. నాకూ అన్నీ ఎక్కే టికెట్టే తియ్యండి."

ఉదయ్ కిరణ్ తలెత్తాడు. వెంకటనరసమ్మ జపమాల ఆగింది. "కళ్ళు తిరుగుతాయే అమ్మాయ్!"

"తిరగవు అత్తయ్యగారూ. నిన్న జెయింట్ వీల్ ఎక్కి చూసుకున్నాను. ఆ రోజు పడవలో నా కడుపులో అమ్ములుంది, అంతే."

వెంకటనరసమ్మ వేళ్ళ మీద ఏవో నెలలు లెక్కపెట్టుకుంది. లెక్క కుదిరినట్టుంది, నోటి మీద చెయ్యి వేసుకుంది. ఇందుజ తిట్టు కోసం ఎదురుచూసింది. ఆవిడ కుర్చీలో కాస్త ముందుకి జరిగి, గొంతు తగ్గించి, "అంత పైకి వెళ్తే ఏం కనిపిస్తుందమ్మాయ్?" అని అడిగింది. "కొల్లేరు కనిపించింది అత్తయ్యగారూ. కొంగలు మన పక్కనే ఎగురుతాయి" అంది ఇందుజ. ఆవిడ జపమాల పక్కన పెట్టేసింది. "పెంటపాడు నుంచి ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయింది, నేనెప్పుడూ పైనుంచి చూళ్ళేదు" అంది.

ఉదయ్ కిరణ్‌కి ఈ కబుర్లేవీ పట్టలేదు. వేలు ఫోన్ మీద అలాగే నిలిచిపోయింది. తనకి నిజంగానే అర్థం కాని విషయం ఒకటి మిగిలిపోయిందతనికి, దాన్నే అడిగాడు.

"అది సరే ఇందూ, నువ్వూ ఎక్కేస్తే అమ్ముల దగ్గర ఎవరుంటారు?"

ఇందుజ పిల్లని ఎత్తి అతని ఒళ్ళో కూర్చోబెట్టింది.

"వాళ్ళ నాన్న ఉంటారండీ."