చేపనూనె సీసా

నన్ను చూసి జాలిపడకండి. జాలిపడాల్సింది నా మనవరాలి మీద. అహోబిలం గుడి వంటశాలలో స్వామికి ప్రసాదం వండే లక్ష్మీనరసింహానికి తల్లిని నేను, వరదమ్మను. ఆచారం తప్పిన చోట మంచినీళ్ళు కూడా ముట్టేదాన్ని కాదు.

పందొమ్మిది వందల యాభై ఆరు వేసవిలో నా మనవరాలు, ఆరేళ్ళ గోదాకు తట్టు పోసింది. మా ఇంట్లో పథ్యం చెప్పేది నేనే. నలభై రోజులు వట్టి చారన్నం. పాలు కఫం, ఆకుకూర వాతం, నెయ్యి అసలే కూడదు. కోడలు కోమలవల్లి "బిడ్డ చిక్కిపోతాంది అత్తమ్మా" అని ఏడ్చింది.

"తాతకు దగ్గులు నేర్పుతాండావా? అయిదుగురు బిడ్డల్ని సాకినదాన్ని!" అని నోరు మూయించాను.

పథ్యం ముగిసేనాటికి పొద్దు గూకితే చాలు, గోదా గోడ పట్టుకుని నడిచేది. ఒకనాడు గడప కనపడక బోర్లా పడింది. దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేశాను. కోడలు నా మాట వినకుండా బిడ్డను ఎత్తుకుని ఆళ్ళగడ్డలో బస్సెక్కింది. ఏం చేస్తాను, నేనూ వెంట వెళ్ళాను.

నంద్యాలలో కళ్ళ డాక్టరు గోదా రెప్పలు ఎత్తి చూశాడు. "రేచీకటమ్మా. తిండిలో సారం లేక కళ్ళు ఎండిపోతాండాయి. పాలు, వెన్న, ఆకుకూర రోజూ పెట్టండి. అవి పనిచేసేదాకా ఆగితే కంటిగుడ్డే పోతుంది. పూటకో చెంచా ఈ చేపనూనె పొయ్యండి."

కాంపౌండరు యేసుదాసు సీసాను కోడలి చేతికిచ్చాడు.

చేపనూనె! నా ఒళ్ళు భగ్గుమంది. ఊళ్ళో తెలిస్తే నా కొడుకును వంటశాల గడప తొక్కనిస్తారా? కోమలవల్లి మాత్రం "పాపం నాకు రానీ, బిడ్డకు చూపు రానీ" అంది. ఎంత పొగరు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే, తొలి చెంచా పోయకముందే, ఆమె బావికి పోయినప్పుడు ఆ నూనె పెరట్లో పారబోశాను. సీసా బూడిదతో తోమి నువ్వులనూనె నింపాను. చేపనూనె కంపు ఎట్లా ఉంటుందో మా ఇంట్లో ఎవరికి తెలుసు గనక! కోడలు స్వామికి దండం పెట్టుకుని మరీ పూటపూటా పోసింది. పాలు, వెన్న, ఆకుకూర పెట్టబోతే, కడుపు చెడుతుందని అవీ ఆపించాను.

పన్నెండో రోజు గోదా ఎడమ కంటి నల్లగుడ్డు తెల్లబడి, మెత్తబడి, చితికింది. మళ్ళీ నంద్యాలకు పరుగెత్తాం.

"మందు పోసినావా తల్లీ?" అన్నాడు డాక్టరు.

"ఒక్క పూటా తప్పలేదు సార్" అంది కోమలవల్లి.

ఆయన తల పట్టుకున్నాడు. "ఈ కన్ను ఇంక రాదు. రెండోదన్నా కాపాడుకుందాం" అని కొత్త సీసా తెప్పించి, అక్కడికక్కడే చెంచాతో పోయించాడు.

గోదా కక్కబోయింది. "అమ్మా, ఇదేందీ, ఇంత కంపు! ఇంట్లో మందు ఇట్లా లేదు కదా. నువ్వులుండ తిన్నెట్లుండె."

కోమలవల్లి నా వైపు తిరిగింది. కొట్టినా బాగుండేది. "ఏం పోసినావ్ నువ్వు?" అంది. పెళ్ళయ్యాక నన్ను నువ్వు అనడం అదే మొదలు.

చెప్పాను. అంతా చెప్పాను.

గోదా చేతిని నా చేతిలోంచి లాక్కుని, "ఇంక నా బిడ్డను ముట్టొద్దు" అంది.

పిల్లకు ఏం అర్థమైందో ఏమో, మిగిలిన ఆ మసక కన్నుతో వెతుక్కుంటూ గాలిలోకి చెయ్యి చాపింది.

"అవ్వా, యాడుండావ్?"

రెండడుగుల దూరంలోనే ఉన్నాను.