పాలరాతి దర్వాజా

పల్లవి అక్క నన్ను మొదటిసారి "చెల్లె" అని పిలిచింది జనవరిలో, ఫోన్లో. అప్పటిదాకా పేరుతోనే పిలిచేది. ఆమె మా పెద్దబాపు రాంచందర్ బిడ్డ. జనగామలో వాళ్లకు రెండంతస్తుల ఇల్లు, రైసుమిల్లు ఉన్నాయి. మాకు జఫర్‌గఢ్‌లో మూడెకరాలు. పెద్దబాపు, మా బాపు అన్నదమ్ముల కొడుకులే అయినా వాళ్లింట్లో పెళ్లి జరిగితే మేము వంటల దగ్గర ఉంటాం, చివరి బంతిలో తింటాం. అందుకే ఆ పిలుపు నాకు అంత గుర్తుండిపోయింది.

ఎండాకాలం సెలవులకు గ్రీసు దేశంలో నాక్సోస్ అనే దీవికి తనూ, మహీధర్ బావా, పాపా వెళ్తున్నారని, వాళ్లతో పాటు నేనూ రావాలని చెప్పింది.

"నాకు తోడబుట్టినోళ్లు ఎవలున్నరు చెల్లె? నువ్వుంటే నాకు మంచిగుంటది."

ఆడ ఎట్లా తిరగాలో, ఏమేం చూడాలో చూసి రాసిపెట్టమని కూడా అడిగింది. నాకు ఓపిక ఎక్కువని వాళ్లందరికీ తెలుసు. నేను ఊళ్లోనే ఒక చిన్న బడిలో ఒకటో తరగతికి చెబుతాను. సముద్రం ఎప్పుడూ చూడలేదు.

రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. బడి నుంచి వచ్చాక రోజూ ఫోన్లో వీడియోలు చూసి రాసేదాన్ని. అర్థం కాని మాటలు ఆపి, మళ్లీ విని రాసేదాన్ని. అక్కడ మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు కాబట్టి పాలు, రొట్టె పొద్దున్నే తెచ్చుకోవాలి. హోటల్లో కూర్చోగానే అడగకుండా రొట్టె పెడతారు గానీ అది ఉత్తది కాదు, బిల్లులో వేస్తారు. ఒడ్డున గులకరాళ్లు ఉన్నచోట రబ్బరు చెప్పులతోనే నీళ్లలోకి దిగాలి. మధ్యాహ్నం తర్వాత గాలి లేస్తుంది, పడవ ఎక్కాలంటే పొద్దున్నే ఎక్కాలి. చర్చిలోకి వెళ్లేటప్పుడు భుజాలు కప్పుకోవాలి. వాడిన కాగితం లెట్రిన్‌లో వేయకూడదు, పక్కన డబ్బాలో వేయాలి. ఇది చదివి వినిపిస్తే మా బాపు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. అంత దూరం పోయి ఆ డబ్బా ఎవలు మోస్తరే అన్నాడు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఒక దర్వాజా. రేవు పక్కన చిన్న గుట్ట మీద, వేల ఏళ్ల కిందట మొదలుపెట్టి వదిలేసిన గుడికి మిగిలింది అదొక్కటే. గోడలు లేవు, కప్పు లేదు, పాలరాతి దర్వాజా ఒక్కటే సముద్రానికి ఎదురుగా నిలబడి ఉంటుంది. పొద్దు గూకే వేళకు అక్కడ జనం నిండిపోతారు. నేను వెతగ్గా వెతగ్గా ఒకామె పెట్టిన వీడియో దొరికింది, పొద్దున ఆరున్నరకు తీసింది. అందులో ఒక్క మనిషి లేదు. ఆ పేజీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీశాను.

అక్క అప్పుడప్పుడు ఫోన్ చేసి ఇంకొన్ని అడిగేది. గదిలో పొయ్యి ఉంటుందా, పాప బట్టలు ఉతికే మిషను ఉంటుందా, బియ్యం దొరుకుతాయా. అన్నీ చూసి చెప్పాను. అవన్నీ మా అందరి కోసమే అనుకున్నాను.

ఫిబ్రవరిలో పాస్‌పోర్టుకు పెట్టుకున్నాను. విచారణకు కానిస్టేబుల్ ఇంటికి వచ్చిన రోజు వాడకట్టంతా గుమిగూడింది. బాపు ఆయనకు చాయ్ తాగించి, మా అన్న బిడ్డ తన చెల్లెను విదేశం తీసుకపోతున్నదని రెండుసార్లు చెప్పాడు. ఆ తర్వాత చాయ్ హోటల్లో, ఎరువుల దుకాణంలో, బస్సులో కూడా చెప్పాడు.

మార్చి చివర్లో అక్క హైదరాబాదు నుంచి జనగామ పుట్టింటికి వచ్చింది. వీసా కాగితాలు ఫోన్‌కు పంపి, జిరాక్సు షాపులో తీయించి ఇంటికి తెమ్మంది. షాపులో కరెంటు పోయింది. అది వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని, అప్పటికే తీసిన కాగితాలు ఒక్కొక్కటి చదివాను. బావ కంపెనీ ఉత్తరం, గదుల బుకింగు, విమానం టికెట్లు చూశాను. పడవ టికెట్లు మూడు రోజులకు ఉన్నాయి. ఆ పడవలు నేను వెతికి పెట్టినవే. మూడు రోజులూ ఇద్దరికే.

చివర్లో నా పేరున్న ఉత్తరం ఒకటి ఉంది. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. రక్షిత అనే ఈమె మూడేళ్లుగా హైదరాబాదులో మా ఇంట్లో ఉండి మా పాపను చూసుకునే పనిమనిషి అని రాసి ఉంది. కింద బావ సంతకం ఉంది, దాని పక్కన నా సంతకానికి ఖాళీ ఉంది. పాపకు మొన్ననే రెండో పుట్టినరోజు చేశారు. నేను ఆ హైదరాబాదు ఇంటికి ఒక్కసారి కూడా పోలేదు.

కరెంటు వచ్చింది. మిగతా కాగితాలు కూడా తీయించుకుని వెళ్లాను.

అక్క వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని పాపకు అన్నం పెడుతోంది. వాళ్లింట్లో పనిచేసే కట్టమ్మ పక్కన ఉల్లిగడ్డలు కోస్తోంది. ఆమెది దేవరుప్పుల, ముప్పై ఏళ్లు ఉంటాయి. నేను ఆ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను.

"గిది ఏంది అక్కా?"

"ఉత్త కాయితం చెల్లె. గట్ల రాస్తె వీసా జల్ది వస్తది."

"పడవ టికెట్లు ఇద్దరికే ఉన్నయి."

అక్క పాప మూతి తుడిచింది. "పాపను పడవల ఎట్ల తీస్కపోతం? ఎవలో ఒకలు ఇంట్ల ఉండాలె గద."

"పని అని ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్తె చిన్నబాపు పంపుతడా?"

కట్టమ్మ కత్తి ఆగింది. నేను ఎప్పుడూ అంత మాట్లాడి ఎరగను. అయినా అడిగాను. "చెల్లె అని రాయుండ్రి. సంతకం పెడ్త. పాపను చూసుకుంట."

అక్కకు కోపం రాలేదు. బడిలో పిల్లలకు నేను చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది. "చెల్లె అని రాస్తె ఆడ నీకు పనెట్ల చెప్పాలె? చెల్లెకు పని చెప్తె మంచిగుంటదా?"

నేను లేచాను. పుస్తకం ఇచ్చిపొమ్మంది. సంచిలోంచి తీసి ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలియదు. పెద్దవాళ్లు అడిగితే ఇవ్వడం అలవాటు.

బాపుకు నిజం చెప్పలేదు. చెబితే ఆయన జనగామ పోయి అన్నతో కొట్లాడి వస్తాడు, లేదా కొట్లాడలేక వస్తాడు. రెండోదే నాకు భయం. పోవాలని లేదని మాత్రమే చెప్పాను. వారం గడిచేలోపు పెద్దబాపు ఇంటి నుంచి ఇంకో మాట ఊరికి చేరింది, రక్షితకు విమానమంటే భయమట అని. బాపు అది నమ్మాడు. ఊరంతా చెప్పుకున్నాక నన్ను ఇట్లా చేస్తివి గదనే అన్నాడు, తర్వాత పది రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం కట్టమ్మ బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. నా బదులు ఆమెను తీసుకుపోతున్నారు. ఆమెకు పాస్‌పోర్టు కూడా వచ్చింది.

"పల్లవమ్మను నీ పుస్తకం సదివి చెప్పమంటె టైం లేదన్నది. నాకు సదువు రాదు. జర నువ్వే చెప్పు."

నా దగ్గర పుస్తకం లేదు గానీ ప్రతి పేజీ గుర్తుంది. అయితే అందులో ఉన్నవి సెలవు మీద పోయేవాళ్లకు రాసినవి. ఆమెకు పనికొచ్చేవి వేరుగా ఆలోచించాను. వాళ్లు పడవ మీద ఉన్న రోజుల్లో మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా పాప నిద్రపోతుంది, డాబా మీదికి గాలి వస్తుంది, అక్కడ కూర్చో అన్నాను. తొక్కు పచ్చడి డబ్బా మూత మీద టేపు చుట్టి పెద్ద పెట్టెలో పెట్టుకో అన్నాను. పొద్దున ఆరింటికి వాళ్లు లేవరు, పాప వాళ్ల దగ్గరే ఉంటుంది. మెట్లన్నీ దిగితే రేవు వస్తుంది, కుడి చేతి వైపు నడిస్తే రాళ్ల కట్ట, దాని చివర దర్వాజా. ఆరున్నరకు అక్కడ ఎవరూ ఉండరు. ఏడున్నరకు తిరిగి వచ్చి పాలు కాచవచ్చు. ఆమె దారిని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ మూడుసార్లు నాకే తిరిగి అప్పజెప్పింది.

వెళ్లేముందు అడిగింది. "నాకంటె నీకే అన్ని ఎరుక. పని అని చెప్పి పిలిస్తె పోదువా?"

"పోదును కట్టక్కా."

ఆమె సంచి చంకకు తగిలించుకుంది. "నన్నైతె పనికే పిలిచిన్రు. నాకు గా బాధ లేదు" అంది.

మే చివర్లో వాళ్లు వెళ్లారు. మొదటి రెండు రోజులు పొద్దున తొమ్మిదికి, అంటే అక్కడ ఆరున్నరకు, కట్టమ్మ చిన్న చిన్న వీడియోలు పంపింది. దర్వాజా, దాని కింద ఆమె చెప్పులు, అవతల నీళ్లు. మాటలేమీ లేవు, గాలి చప్పుడు ఒక్కటే. నేను ఒక్కోటి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

మూడో రోజు ఆమే వీడియో కాల్ చేసింది. నేను, బాపు కొనుగోలు సెంటర్లో వడ్లు ఆరబోసుకుని ఉన్నాం. తేమ ఎక్కువుందని వారం నుంచి కాంటా పెట్టి తూయడం లేదు. ఫోన్లో కట్టమ్మ చంకలో పాప ఉంది. వెనక దర్వాజా మధ్యలో అక్క, బావ నిలబడి ఉన్నారు. అక్క చేతిలో నా నోటుపుస్తకం ఉంది.

"వీళ్లు గూడ వచ్చిన్రు" అని కట్టమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "ఎర్ర గీత గీసిన పేజీ దొరికిందట."

జనగామలో అక్క ఆమెను "ఏ కట్టమ్మా" అని పిలిచేది. పిలుపు హాలు దాటి గేటు దాకా వినబడేది. ఇప్పుడు వాళ్ల పక్కన ఎవరో విదేశీ ఆడమనిషి ఫొటో తీయడానికి ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. అక్క కట్టమ్మ వైపు తిరిగింది.

"చెల్లే, జర పక్కకు జరుగవా. ఫొటోల పడుతున్నవ్."

జనవరిలో నేను విన్న గొంతే.

కట్టమ్మ ఫోన్లోకి నావైపు చూసింది. పాపను ఎత్తుకుని పక్కకు జరిగింది. తెర మీద దర్వాజా పోయి ఆకాశం వచ్చింది, ఆ తర్వాత ఫోన్ ఆగిపోయింది.

బాపు వడ్లలో కాళ్లతో చాళ్లు తీస్తూ ఎవరని అడిగాడు. కట్టక్క అని చెప్పాను.

"చూసినవా? చదువు లేకపోయినా గామెకున్న ధైర్యం నీకు లేకపాయె" అన్నాడు.

నేను ఫోన్ కొంగున ముడేసుకుని, చెప్పులు విప్పి, ఆయన వెనకాలే వడ్లలోకి దిగాను.