ఒక్క సాలు

వంగతోట నడుమ మొగుడు బోర్లా పడి ఉన్నాడు. వీపు మీది పురుగుమందు డబ్బా ఇంకా కారుతూనే ఉంది. ఆమె పరుగెత్తుకెళ్లి పట్టీలు విప్పి అతన్ని వెల్లకిలా తిప్పింది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నోటి వెంట నురగ.

గట్టు పక్కనే కొట్టు యజమాని వ్యాను ఆగి ఉంది. మందు అమ్మేదీ అతనే, కాయ కొనేదీ అతనే. పుచ్చు కనబడితే లోడంతా వెనక్కి పంపుతానని బెదిరించి, రెండు మందులు కలిపి కొట్టమన్నదీ అతనే. కాయకు మచ్చ ఉండకూడదు, మనిషి ఏమైనా ఫరవాలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లమని ఆమె అతని కాళ్ల మీద పడింది. కాయలకు వాసన అంటుతుందంటూ అతను వ్యాను పోనిచ్చాడు. పక్క చేను రైతు మోటారు సైకిల్ ఎక్కించాడు గానీ, మొగుడు దారిలోనే ఆమె ఒళ్లోకి వాలిపోయాడు.

ఆసుపత్రికొచ్చిన ఇన్‌స్పెక్టర్, తనే పురుగుమందు తాగి చచ్చాడని తేల్చేశాడు. అవునని వేలిముద్ర వేస్తేనే శవాన్ని ఇస్తానన్నాడు. ఆమె వెయ్యలేదు.

రైతులంతా ఆసుపత్రి ఆవరణలో గుమిగూడారు. కోతకొచ్చిన కాయను ఇంకెవడు కొంటాడు, తగువు వద్దన్నారు కొందరు. ఏళ్ల తరబడి మందు కొట్టిన ముసలాయన చేతులు చాపాడు. గ్లాసుడు నీళ్లు నిలవని చేతులు. తన కడుపులు ఎందుకు నిలవలేదో ఇన్నాళ్లూ దేవుణ్ణే అడుగుతున్నానని ఒకామె అంది. అప్పుడు చనిపోయినవాడి చెల్లెలు లేచింది.

"మనలో ఎవరు చచ్చినా తాగి చచ్చారనే రాస్తారు. బతికుండగానే అడుగుదాం."

మర్నాడు కొట్టు ముందు వీధి నిండిపోయింది. యజమాని మెట్ల మీద నిలబడి, తన మందులో ఏ దోషమూ లేదని, వాడకం తెలియనివాడు చస్తే తనదా పాపమని అన్నాడు. మొగుడు మోసిన డబ్బాను ఆమె తెచ్చి అతని కాళ్ల దగ్గర దించింది. ఎన్నడూ 'మీరు' అని తప్ప పిలవని మనిషిని తల ఎత్తి చూసింది.

"ఎత్తుకో. ముక్కుకు గుడ్డ లేకుండా, వట్టి కాళ్లతో, ఎండలో ఒక్క సాలు కొట్టు. నువ్వు నిలబడితే వేలిముద్ర వేస్తాను."

యజమాని వెనక్కి జరిగాడు. పోలీసులతో కొట్టుకు కాపలా వచ్చిన ఇన్‌స్పెక్టర్ ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అది చూసి జనంలో ఎవరో పకపకా నవ్వారు. నవ్వు వీధంతా పాకింది.

లాఠీలు లేచాయి. ముసలాయన వణికే చేతులు విరగ్గొట్టారు. ఆమెను జుట్టు పట్టి జీపులోకి ఈడ్చారు. శవాన్ని పోలీసులే తగలబెట్టారు. ఆమెకు కడసారి చూపు కూడా దక్కనివ్వలేదు.

కొన్నాళ్లకు ఆడపడుచు జైలుకొచ్చింది. తోటలన్నీ పురుగు పట్టాయని, అయినా ఒక్కరూ మందు కొట్టలేదని, పుచ్చు కాయలు బళ్లకెత్తి కొట్టు తలుపు మూసుకుపోయేలా గుమ్మరించారని చెప్పింది. ఇళ్లలో పొయ్యి సరిగా వెలగడం లేదన్న సంగతీ దాచలేదు.

ఆమె ఊచలు పట్టుకుని అడిగింది.

"మన తోట?"

"మొదటి బండి మనదే, వదినా."